ఛాయాప్రదక్షిణము

అమరావతీ మహాచైత్యము పేరు వినని యాంధ్రుఁడు అరుదు. దానిని సమగ్రముగాఁ జూచిన యాంధ్రుఁడు నేఁడు ఒక్కఁడును లేఁడు. కృష్ణాతీరమున ధరణికోట చెంత నిలిచియున్నది దాని యడుగుభాగము మాత్రమే. దానిని చుట్టియుండిన శిల్పఫలకములలో పెక్కులు చెన్నపురి ప్రభుత్వ మ్యూజియమునందును, 120కిఁ బైగా లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందును ఉన్నవి. కొన్ని కలకత్తాకును, ప్యారిసులోని గీమే మ్యూజియమునకును చేరినవి. మిగిలినవాటిని స్థలమ్యూజియమునందు చూడవచ్చును. ఒక్క చైత్యమును చూడఁగోరినవాఁడు సముద్రములు దాఁటవలసివచ్చుట అమరావతికిఁ బట్టిన దుర్దశ.

ఇట్లు చెదరిన వస్తువులను ఇల్లు కదలకుండఁ జూపింతుమని చెప్పు విద్య యొకటి యిటీవల ప్రబలినది. కంప్యూటరు తెఱపైనను సెల్‌ఫోనునందును మ్యూజియపు గదులలో నడచుచున్నట్లు చేయు ఈ ప్రక్రియను వర్చువల్ టూరు అందురు. ఛాయలయందే సాగు యాత్ర యగుటచే దీనిని ఛాయాయాత్ర యనుట తగును. 2020లో కోవిడు వ్యాధి వ్యాపించినపుడు ప్రపంచమునందలి మ్యూజియములలో దాదాపు నూటికి 90, అనఁగా 85,000లకు మించిన సంస్థలు, తలుపులు మూసికొన్నట్లు యునెస్కో వారు లెక్క తేల్చిరి. నాఁడు ఛాయాయాత్రలు తామరతంపరగా వెలువడినవి. వానిలో తుదిదాఁక చూడఁబడినవి ఎన్ని? మొదటి గదిలో ప్రవేశించి, నాలుగుమూలలు త్రిప్పి చూచి, విసిగి మరలినవారే పెక్కురు. లోపము యంత్రమునందు లేదు, కూర్పునందుఁ గలదు. చూచువానిని పట్టి నిలుపు యాత్రను ఎట్లు కూర్పవలెనో తెలిసికొనుటకు అమరావతి చరిత్రమునకంటె మేలైన పాఠము దొరకదు. ఏలయన, ఆ చరిత్రమునందు ఱాతిని తరలించినవారికంటె ఱాయి యున్న చోటును వ్రాసిపెట్టినవారే మహాచైత్యమును మన కన్నులకు మిగిల్చిరి.

18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు చింతపల్లిని విడిచి అమరావతిని రాజధానిగాఁ గట్టుకొనునపుడు ఇటుకకును ఱాతికిని దీపాలదిన్నె యను మట్టిదిబ్బను త్రవ్వించెను. ఆ దిబ్బయే మహాచైత్యము. తెల్లని చలువఱాతి ఫలకములు బయలుపడఁగా వానిలో కొన్ని మెట్లయ్యెను, కొన్ని క్రొత్తకట్టడములలోఁ గలిసెను. ఆ సంగతి విని కర్నల్ కాలిన్ మెకంజీ 1798లో అచ్చటికి వచ్చి చూచిపోయెను. అప్పటి యాతని వ్రాత 1807లో 'ఏషియాటిక్ రిసెర్చెస్' అను సంపుటములలో అచ్చయ్యెను. కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులను చేరఁదీసి, గ్రామకరణముల నోటిమాటలను కైఫీయతులుగా వ్రాయించిన మెకంజీ ఇతఁడే. మరల 1816లో ఆతఁడు పటములు వ్రాయువారితో వచ్చునప్పటికి దిబ్బనడుమ చెఱువు త్రవ్వఁబడియుండెను. నాఁటికి మిగిలియున్నదానిని కొలిపించి, వలయాకారమైన స్థలపటమును వ్రాయించి, ఫలకములను ఒక్కొక్కదానిని చిత్రింపించెను. ఆ చిత్రముల సంపుటము లండనునందు బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. అందుఁ గాన్పించు ఫలకములలో కొన్ని ఆ తరువాత ఎందుఁ బోయినవో జాడలేదు; అవి నేఁడు ఆ కాగితములపై మాత్రమే యున్నవి.

1845లో వాల్టర్ ఎలియట్టు త్రవ్వించినది ఇందుకు విరుద్ధమైన కథ. ఆతఁడు వెలికిఁదీసిన ఫలకములు చెన్నపురికిఁ జేరి యేండ్లతరబడి ఎండవానలలోఁ బడియుండెను. ఏ ఫలకము ఏ దిక్కున దొరకినదో చెప్పు పటము నిలువలేదు. 1858లో కెప్టెన్ లిన్నియస్ ట్రైపు వానికి ఛాయాచిత్రములు తీసెను. ఛాయాగ్రహణవిద్య అప్పటికి పుట్టి ఇరువదియేండ్లయినను కాలేదు; ట్రైపు పనితనము మిక్కిలి నిపుణమైనది. అయినను ఆ చిత్రములలో ఱాయి తన తోడివారికి దూరమై ఒంటిగా నిలిచియుండును. మఱుసటియేఁడు ఆ శిల్పములు ఓడ నెక్కి లండను చేరెను. అచ్చట ఇండియామ్యూజియము వారి బండ్లశాలలో మూలఁబడియున్నవానిని జేమ్స్ ఫెర్గూసను కనుఁగొని, 1868లో తన గ్రంథమునఁ బ్రకటించెను. ఆతఁడు చైత్యము ఎట్లుండెడిదో ఊహించి చెప్పఁగలుగుటకు ట్రైపు ఛాయాచిత్రములు చాలవయ్యెను. ఏఁబదియేండ్లనాఁటి మెకంజీ పటములే ఆధారమయ్యెను. ఛాయాచిత్రము రూపమును ఉన్నదున్నట్లు చూపెను. చేతివ్రాతపటము ఉనికిని చెప్పెను. రూపమొక్కటే చాలదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

1877లో రాబర్ట్ సీవెలు కొంతభాగమును త్రవ్వి పటముతోఁ గూడ ప్రకటించెను. అటుపిమ్మట చెన్నపురి గవర్నరైన బకింగుహాము ప్రభువు దిబ్బనంతయు శుభ్రము చేయింపుఁడని ఉత్తరువు చేయఁగా, శుభ్రముతోపాటు శిల్పముల స్థానములు సైతము తుడిచిపెట్టుకొనిపోయెను. జేమ్స్ బర్జెస్సు 1881 చివర వచ్చి చూచునప్పటికి మిగిలినది పెద్దగుంటయు, దానిచుట్టు తీసిపెట్టిన ఱాళ్లును. వానిని ఉన్నచోటనే రక్షింపవలెనని ప్రాచీనకట్టడముల రక్షకాధికారియైన హెచ్. హెచ్. కోలు వాదించెను. ఆ వాదము నెగ్గలేదు. ఫలకములు చెన్నపురికిఁ బోయి మ్యూజియపు గోడలలో సిమెంటుతోఁ బొదుగఁబడెను. గోడలోఁ బొదుగఁబడిన ఫలకమునకు వెనుకవైపు లేకపోవుట సహజముగదా. ఎలియట్టు శిల్పములు 1880లో బ్రిటిష్ మ్యూజియమునకుఁ జేరెను.

శబ్దశాస్త్రమెఱిఁగినవారికి ఈ కథలోని నష్టమేదో సులభముగఁ దెలియును. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును కారణములని శాస్త్రకారులు చెప్పుదురు. ఆవు, గుఱ్ఱము, మనుష్యుఁడు, ఏనుఁగు అని వరుసగాఁ బలికినమాత్రమున వాక్యము కాదు; ఒక పదము మఱియొకదానిని కోరుట లేదు. నిప్పుతోఁ దడుపుమనిన యోగ్యత లేదు. ఒక పదము ఉదయమునను, వేఱొక పదము సాయంకాలమునను పలికిన సన్నిధి లేదు. చెన్నపురి గోడయందును లండను గాజుగదియందును ఉన్న అమరావతీఫలకములు సాధుశబ్దములే, వానియందు లోపములేదు. కాని అవి ఆవు, గుఱ్ఱము, మనుష్యుఁడు, ఏనుఁగు అన్నట్లు నిలిచియున్నవి. క్రియాపదమేది? ప్రదక్షిణమే క్రియ.

చైత్యమునకు వచ్చినవాఁడు వెలుపలనుండి మొదట వేదికను, అనఁగా ఱాతికంబములతోను అడ్డుపట్టెలతోను గూర్చిన ప్రాకారమును చూచును. దాని వెలుపలిముఖమున వికసించిన పద్మములును, పైపట్టెపై పొడవైన పూలదండను మోయుచున్న మనుష్యులును ఉందురు. ద్వారమున లోపలికి వచ్చి ఎడమవైపునకుఁ దిరుగఁగా కుడిచేత చైత్యమును, ఎడమచేత వేదిక లోపలిముఖమును ఉండును. పూలు పోయి కథలు వచ్చును. జాతకకథలును బుద్ధచరిత్రమును అడుగడుగునకు ఎదురగును. నడచువాఁడు ఒక కథ ముగింపఁగనే రెండవదాని కొఱకు కాలు ముందునకు వేయును. ఇదియే ఆకాంక్ష. వేయిన్నిఎనిమిదివందలయేండ్ల క్రిందటి శిల్పులు, చూచువానిని పట్టి నిలుపుటయెట్లో ఎఱిఁగి, ఆ వలయమును కూర్చిరి. సుమారు 160 అడుగుల అడ్డుకొలతగల చైత్యముచుట్టు వారు కట్టినది నడచి చదువవలసిన గ్రంథము.

నేఁటి ఛాయాయాత్రలలో పెక్కింటికి మూలము వేఱు. 1787లో రాబర్ట్ బార్కరను చిత్రకారుఁడు వలయాకారచిత్రమునకు హక్కుపత్రము పొందెను; పిమ్మట లండనునందు గుండ్రని శాల కట్టి, చూచువానిని నడుమ నిలిపి, చుట్టును నగరములను యుద్ధములను చిత్రించి చూపెను. దానిని పనోరమా యనిరి. శ్రీరంగపట్టణము పడిపోయిన మఱుసటి సంవత్సరమున, 1800లో, ఆ ముట్టడిని రాబర్ట్ కెర్ పోర్టరు లండనువాసులకు ఇట్టి మహాచిత్రముగాఁ జూపి జనులను మూఁగించెను. ఆ ముట్టడిలో పాల్గొన్నవారిలో మన మెకంజీ యొకఁడు. 1995లో యాపిల్ సంస్థవారు వెలువరించిన క్విక్‌టైమ్ వీఆర్ మొదలు, 2011 ఫిబ్రవరి 1న గూగుల్‌వారు 17 మ్యూజియములతో ఆరంభించిన కళాప్రదర్శనము వఱకును యంత్రములు మాఱినవేకాని భంగిమ బార్కరుదే. చూచువాఁడు నడుమ నిలిచి గిరగిర తిరుగును. లోకము వానిచుట్టు పఱచుకొనియుండును. బ్రిటిష్ మ్యూజియమువారు 2015లో తమ గదులను ఇట్లే చూపించిరి. భవనములను చూపుటకు ఈ పద్ధతి చాలును. చైత్యమునకుఁ గాదు. చైత్యమునందు నడుమనుండవలసినది చూడఁబడునది, తిరుగవలసినవాఁడు చూచువాఁడు. పనోరమా పద్ధతిని అమరావతికిఁ బూసిన చైత్యమును లోవెలుపలగాఁ ద్రిప్పినట్లగును.

పటమును చూపి మనస్సు నిలుపు విద్య మన దేశమునకుఁ గ్రొత్తగాదు. ముద్రారాక్షసమున చాణక్యుని చారుఁడు యమపటము చేతఁబట్టి ఇంటింటికిఁ దిరిగి, పటము పఱచి పాట యందుకొనును. హర్షచరితమున బాణుఁడు అంగడివీథిలో యమపటికుని వర్ణించెను. చుట్టును పిల్లలు మూఁగియుండఁగా వాఁడు ఒకచేత పటము పట్టి, ఒకచేత పుల్లతోఁ జూపుచు చెప్పుచుండును. తెలంగాణమున చేర్యాల నకాషీపటములను ఆధారముగాఁ గొని కాకిపడగలవారు మొదలగువారు కథచెప్పు పద్ధతి నిన్నమొన్నటిదాఁక విరివిగా నుండెను, నేఁటికిని పూర్తిగా పోలేదు. పటము ఒక్కమాఱుగా విప్పఁబడదు. ఒక పట్టె కథ ముగిసినపిమ్మట రెండవపట్టె విప్పుదురు. పుల్ల ఎచట తాఁకునో కన్ను అచటికే పోవును. నేఁటి ఛాయాయాత్రాకర్తలు తెఱపై ఇరువది గుర్తులు ఒకేసారి మెఱయించి, ఏది కావలసిన దానిని నొక్కుఁడని చూచువానికి విడిచిపెట్టుచున్నారు. స్వేచ్ఛ యనుకొని ఇచ్చినది భారమగుచున్నది. పుల్ల పట్టువాఁడు లేని పటము చుట్టఁబడియున్న పటముతో సమానము.

ఈ విద్యకు పరాకాష్ఠ భవభూతి ఉత్తరరామచరితమందలి చిత్రదర్శనము. తండ్రియైన జనకుఁడు మరలిపోవుటచే ఖిన్నయైయున్న నిండుచూలాలు సీతకు చిత్తము తేర్చుటకై లక్ష్మణుఁడు తమ పూర్వచరిత్రము లిఖింపఁబడిన చిత్రములను చూపును. చూపువాఁడు ఆ కథలో నుండినవాఁడు. చూచువారు ఆ కథ ననుభవించినవారు. ఏది చూపవలెనో, దేనిమీఁదుగా మాటాడక దాఁటవలెనో లక్ష్మణున కెఱుక. శూర్పణఖ చిత్రము రాఁగానే సీత వెఱచును. ఇది చిత్రమే యని రాముఁడు ఊఱడింపవలసివచ్చును. ఇంతకంటె విశేషము, చిత్రములను చూచినపిమ్మట ఆమెకు తృప్తి కలుగలేదు. ఆ వనములను, భాగీరథిని మరలఁ జూడవలెనను కోరిక పుట్టినది. నాటకకథ యంతయు ఆ కోరికనుండియే ముందునకు సాగుచున్నది. చిత్రము వస్తువునకు బదులుగా నిలువలేదు. వస్తువునుగూర్చి ఆకాంక్షను కలిగించినది.

అమరావతికి ఛాయాయాత్ర కూర్పఁదలఁచినవారికి కావలసిన సామగ్రి ఆ శిల్పులే మిగిల్చిపోయిరి. చైత్యపు అండమునకుఁ దిగువనుండు మేధిభాగమున అమర్చిన ఫలకములపై వారు మహాచైత్యముయొక్క రూపమునే చిన్నదిగాఁ జెక్కిరి. వేదికయు, సింహములు కూర్చున్న ద్వారమును, ద్వారమెదుట ఐదేసి ఆయకస్తంభములును, పూలదండలు చుట్టిన అండమును అందు స్పష్టముగాఁ గాన్పించును. చైత్యము చూచినవాఁడు ఒక్కఁడును మిగులకపోయినను చైత్యము తన ప్రతిబింబమును తానే దాఁచుకొన్నది. యాత్ర ఆ ప్రతిబింబముతో మొదలైన పిమ్మటివన్నియు తమ చోటులు వెదకికొనును. బ్రిటిష్ మ్యూజియమునందు రెండువైపులను చెక్కిన ఫలకమొకటి గలదు. ఒకవైపు క్రీస్తుపూర్వకాలపు శిల్పము. అందు బుద్ధుని రూపములేదు, బోధివృక్షమును ఖాళీయాసనమును కొలుచువారున్నారు. కొన్నివందలయేండ్లపిమ్మటి శిల్పి ఆ ఱాతినే వెనుకకుఁ ద్రిప్పి చైత్యరూపమును చెక్కినాఁడు. ఒకే ఱాతియందు రెండుయుగములు వీపులు కలిపి నిలిచినవి. దీనిని తెఱపై త్రిప్పి చూపుట యంత్రమునకు అల్పకార్యము. గోడలోఁ బొదిగినవారు చేయనేరనిది ఇదియే.

చెన్నపురియందలి నలగిరిదమనఫలకమును ఇట్లే చెప్పవచ్చును. ఒకే గుండ్రని పద్మఫలకమునందు మదపుటేనుఁగు రెండుమాఱులు కాన్పించును. మొదట వీథిలో జనులను త్రొక్కుచు, తరువాత బుద్ధునియెదుట మోఁకరిల్లి. చూచువాని కన్ను ఎడమనుండి కుడికి పోవుట ఆలస్యమైనచో ఏనుఁగులు రెండనుకొనును. ఇచ్చట ఛాయాయాత్ర చేయవలసినది పుల్లపట్టువాని పని: భయపడు స్త్రీని, కిటికీలనుండి చూచువారిని, పిమ్మట శాంతమైన గజమును వరుసగాఁ జూపి, ఒకటి రెండు వాక్యములు పలికి ఊరకుండుట. మ్యూజియములవారు వినిపించు వ్యాఖ్యానములలో ఱాతికొలతయు, దొరకిన సంవత్సరమును, జాబితాసంఖ్యయు ముందు వచ్చి, ఏనుఁగు చివరకు వచ్చుచున్నది.

యోగ్యతావిషయమై హెచ్చరిక అవసరము. 1994లో ఇంగ్లండునందు డడ్లీ దుర్గమును 1550లో ఉండినట్లు కంప్యూటరున నిర్మించి, దర్శకులకు చూపించిరి. ఛాయాయాత్రలలో మొదటివానిలో దానిని ఎన్నుదురు. శిథిలమును పూర్ణముగాఁ జూపవలెననెడి ఆశ అప్పటినుండి పెరుగుచునేయున్నది. అమరావతిలో స్థానము తెలిసిన ఫలకములు కొన్ని, ఊహింపఁదగినవి కొన్ని, ఏమియు తెలియనివి పెక్కులు. మూఁటిని ఒకే మెఱుఁగుతో అతికి, నిండుచైత్యమును నిలిపినచో చూచువాఁడు మెచ్చును. ఎలియట్టునాఁటి నష్టము మాత్రము కప్పఁబడును. శాసనములను ప్రకటించునపుడు చెరిగిన అక్షరములకు చుక్కలు పెట్టి, ఊహించినవానిని కుండలీకరించుట పండితుల ఆచారము. ఆ మర్యాదనే ఛాయాచైత్యమునందును పాటింపవలెను. ఖాళీ యున్నచోట ఖాళీని చూపుటయే సత్యము. ఆ ఖాళీ ఎట్లేర్పడెనో చెప్పిన కథయందు రక్తియు నుండును.

భారతప్రభుత్వ సాంస్కృతికశాఖవారి పక్షమున సీడాక్ సంస్థ కూర్చిన 'జతన్' అను సాధనముద్వారా హైదరాబాదునందలి సాలార్‌జంగు మ్యూజియము మొదలగువాని వస్తువుల ఛాయలు లోకమునకు అందినవి. మెచ్చఁదగిన పనియే. కాని అది నిఘంటువువంటిది. నిఘంటువు నెంత చదివినను కావ్యము కాదు. అమరావతి విషయమున నిఘంటువులు సైతము బహుకాలముక్రిందనే సిద్ధమైనవి. చెన్నపురి శిల్పములకు సి. శివరామమూర్తిగారు 1942లోను, లండను శిల్పములకు డగ్లస్ బారెట్టు 1954లోను, రాబర్ట్ నాక్సు 1992లోను పట్టికలు రచించిరి. ఈ పట్టికలను మెకంజీ పటముతోఁ గూర్చి వాక్యము చేయు పని యాత్రాకర్తలది.

ఛాయ శాశ్వతమనుకొనుటయు పొరపాటే. 2018 సెప్టెంబరు 2న బ్రెజిలు దేశమున రియో నగరపు జాతీయ మ్యూజియము తగులఁబడి, లక్షలకొలఁది వస్తువులు బూడిదయ్యెను. అంతకుముందు తీసియుంచిన ఛాయలతో గూగుల్‌వారు ఆ డిసెంబరులోనే యాత్రను వెలువరింపఁగా, లేని మ్యూజియములో జనులు నడచిరి. ఇది ఛాయకుఁ గల గొప్పతనము. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటరులపై దొంగదాడి జరుగఁగా, ఆ సంస్థ తెఱపై ఉంచిన వ్రాతప్రతుల ఛాయలు చాలకాలము ఎవ్వరికిని అందలేదు. కాగితము చెక్కుచెదరలేదు, ఛాయయే మాయమయ్యెను. మెకంజీ సంపుటమును దాఁచిన గ్రంథాలయమునకే ఇట్లు జరిగినపుడు, ఆ ఛాయలకు ప్రతులు కృష్ణాతీరమున సైతము ఉండవలెననుట అత్యాశ కాదు.

ఫలకములను మరల స్వస్థలమునకుఁ దెప్పింపవలెనను వాదము ఆంధ్రదేశమున పలుమాఱులు వినఁబడుచున్నది. ఛాయ యుండఁగా ఱాయి యేల యని దానికి బదులు చెప్పుట తగదు. చిత్రముల జూచిన సీతకు భాగీరథి వలదని తోఁచలేదు. అమరావతి ఛాయాయాత్ర చక్కగాఁ గూర్పఁబడినచో ఆ వాదము బలపడునేగాని సన్నగిల్లదు. ఆ సంగతి ఎఱిఁగియే దానిని కూర్పవలెను.

అట్టి యాత్రకు ఆరంభస్థానము లండను గాజుగది కాదు, చెన్నపురి గోడయుఁ గాదు. దీపాలదిన్నెపై మిగిలిన పీఠమునందు నాలుగుదిక్కులను ముందునకుఁ జొచ్చుకొనివచ్చిన భాగములు ఇప్పటికిని గుర్తింపఁదగియున్నవి. 1816నాఁటి వలయపటమును ఆ పీఠముపైఁ బఱచి, తూర్పుద్వారమున నిలిచి, అక్కడనుండి అడుగు వేయింపవలెను. కుడిచేత చైత్యము, ఎడమచేత వేదిక.